నలుగురూ వింటేనే లైన్‌మన్‌కు క్షేమం
గాలిలో తిరిగే కరెంటు సిబ్బంది మాటలు - వాటిని పట్టి వినిపించే స్కానర్లు

గాలివాన వచ్చి కరెంటు పోయిందంటే మన ఊళ్లలో ప్రతి ఇంటి గుమ్మంలోనూ వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు వస్తుందట?" సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎంగేజ్. 1912కు చేస్తే ఫిర్యాదు రాసుకున్నామంటారు. వీధి చివర నిచ్చెన భుజాన వేసుకుని లైన్‌మన్ కనిపిస్తే పదిమంది చుట్టూ చేరి ఆయననే నిలదీస్తారు. పాపం, ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క వీధి పని మాత్రమే. మిగిలిన సంగతి సబ్‌స్టేషన్‌కూ, స్తంభాల మీద ఉన్న మనుషులకూ మధ్య నడిచే మాటల్లో ఉంటుంది. ఆ మాటలు జనానికి వినిపించవు.

అమెరికాలో మాత్రం చాలామంది ఈ మాటలను ఇంట్లో కూర్చునే వినేవారు. కొందరు ఇప్పటికీ వింటున్నారు. విద్యుత్ కంపెనీ బండికీ, ఆఫీసుకూ మధ్య వైర్‌లెస్‌లో నడిచే సంభాషణను పట్టి వినిపించే ఆ పెట్టె పేరు స్కానర్. పరాయివారి మాటలు చాటుగా వినడమేమిటని మనకు అనిపించవచ్చు. అక్కడి చట్టం మాత్రం కంపెనీ బండ్ల మామూలు వైర్‌లెస్‌ను వినడాన్ని నేరంగా చూడలేదు. కాలక్షేపానికి మొదలైన ఈ అలవాటును కాస్త లోతుగా చూస్తే, మన జిల్లాల్లో స్తంభాలెక్కే వారి ప్రాణాలకు సంబంధించిన సంగతి ఒకటి బయటపడుతుంది.

స్కానర్ అంటే ఏమిటి?

మన ఇంటి రేడియోలో ముల్లు తిప్పి ఒక స్టేషన్ పెట్టుకుంటే అది రోజంతా పాడుతూనే ఉంటుంది. పోలీసు జీపు, ఫైరింజను, విద్యుత్ కంపెనీ బండి అలా కాదు. అవసరం పడ్డప్పుడు నాలుగు మాటలు మాట్లాడి ఆగిపోతాయి. పైగా ఒక్కొక్కరిది ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ. ఏదో ఒకదాని మీద ముల్లు పెట్టి కూర్చుంటే గంటల తరబడి నిశ్శబ్దమే మిగులుతుంది.

స్కానర్ ఈ చిక్కును విప్పింది. ముందుగా అమర్చిన ఫ్రీక్వెన్సీలన్నిటినీ అది వరుసగా తడుముతూ పోతుంది. ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. మాట అయిపోగానే మళ్లీ పరుగు మొదలు పెడుతుంది. తొలినాళ్ల సెట్లలో ఒక్కొక్క ఫ్రీక్వెన్సీకి ఒక్కొక్క క్రిస్టల్ కొని బిగించుకోవలసి వచ్చేది. 1970లలోనే మీటలు నొక్కి ఫ్రీక్వెన్సీ అంకెలు ఎక్కించుకునే సెట్లు బజారులోకి వచ్చాయి. బేర్‌క్యాట్, రేడియో షాక్ పేర్లు అక్కడి శ్రోతలకు సుపరిచితం. ఏ ఊళ్లో ఏ సంస్థది ఏ ఫ్రీక్వెన్సీయో చెప్పే పుస్తకాలు అమ్మేవారు. ఈ అభిరుచి కోసమే 'మానిటరింగ్ టైమ్స్' అనే మాసపత్రిక 1982 నుంచి 2014 వరకు నడిచింది.

అమెరికా విద్యుత్ కంపెనీలు చాలాకాలం 37, 48 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ఫ్రీక్వెన్సీలు వాడుకున్నాయి. అక్కడ తరంగం పొడవు ఎక్కువ. కొండల మాటున, అడవుల్లో లైన్ల వెంట తిరిగే బండ్లకు ఆ పొడవైన తరంగాలే బాగా అందుతాయి. అందుకే ఆ బండ్లకు మనిషి కంటే ఎత్తయిన ఏరియల్ కడ్డీలు ఊగుతూ కనిపించేవి. తరువాత 153, 158 మెగాహెర్ట్జ్ ప్రాంతానికీ, అక్కడినుంచి 450కీ, 800-900కీ విస్తరించాయి.

ఆ పాత ఫ్రీక్వెన్సీలకు ఒక చిత్రమైన గుణం ఉన్నది. సుమారు 11 ఏళ్లకు ఒకసారి సూర్యుని మీద మచ్చలు పెరిగే కాలం వస్తుంది. అప్పుడు ఆకాశంలోని అయనోస్ఫియర్ అనే పొర ఈ తరంగాలను అద్దంలా తిప్పి భూమి మీదికి పంపుతుంది. ఒక రాష్ట్రంలో లైన్‌మన్ అడిగిన ఫ్యూజు సంగతి వేల కిలోమీటర్ల అవతల ఎవరి గదిలోనో వినిపిస్తుంది. శ్రోతలకు అది పండుగ. పని చేసుకునే సిబ్బందికి మాత్రం అడ్డంపడే గోల.

తుపాను రాత్రి ఏమి వినిపిస్తుంది?

మామూలు రోజుల్లో వినేందుకు పెద్దగా ఏమీ ఉండదు. ఫలానా ఇంటి మీటరు, ఫలానా స్తంభం నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు, మధ్యాహ్న భోజనానికి వెళుతున్నామన్న కబురు. కొన్ని ఫ్రీక్వెన్సీల్లో మనిషి గొంతే ఉండదు. సబ్‌స్టేషన్‌లోని యంత్రం తన వోల్టేజీ, బ్రేకర్ల పరిస్థితి కంట్రోల్ రూముకు చెప్పుకునే 'బీప్' శబ్దాలే ఉంటాయి.

తుపాను రాత్రి అదే ఫ్రీక్వెన్సీ ఊపిరాడనంత హడావిడిగా మారుతుంది. చెట్టు విరిగి లైను మీద పడింది. తెగిన తీగ రోడ్డు మీద ఉన్నది, అటు ఎవరినీ రానివ్వవద్దని పోలీసులకు చెప్పండి. ఆసుపత్రి ఫీడరు ముందు చూడండి. ఈ మాటలు రెండు గంటలు విన్నవారికి ఎవరూ చెప్పకుండానే ఒక క్రమం బోధపడుతుంది. ముందు పెద్ద లైన్లు, ఆపైన సబ్‌స్టేషన్లు. తరువాత వందల ఇళ్లకు కరెంటు ఇచ్చే ఫీడర్లు, వాటి కొమ్మలు. అన్నిటికీ చివర ఒక్కొక్క ఇంటి సర్వీసు వైరు.

మన దగ్గరా క్రమం ఇదే. 33 కేవీ లైను నిలబడనిదే సబ్‌స్టేషన్‌కు ప్రాణం రాదు. 11 కేవీ ఫీడరు నిలబడనిదే వీధి ట్రాన్స్‌ఫార్మర్ పలకదు. ఎదురు వీధిలో దీపాలు వెలిగి మన వీధి చీకట్లో ఉంటే అది పక్షపాతం అనుకుంటారు జనం. చాలా సందర్భాల్లో ఆ రెండు వీధులూ రెండు వేర్వేరు ఫీడర్ల మీద ఉంటాయి. స్కానర్ విన్నవారికి తెలిసేదీ, మనకు తెలియనిదీ ఈ సంగతే.

ఒకే మాట రెండుసార్లు ఎందుకు?

స్కానర్ కొత్తగా కొన్న శ్రోతకు విసుగు తెప్పించే విషయం ఒకటి ఉన్నది. ఆఫీసు నుంచి ఒక ఆజ్ఞ వస్తుంది: ఫలానా నంబరు స్విచ్ తెరవండి. లైను మీది మనిషి "సరే" అని ఊరుకోడు. అదే వాక్యం, అదే నంబరు తిరిగి అప్పజెబుతాడు. ఆఫీసు "అంతే, సరిగా విన్నారు" అంటుంది. అప్పటిదాకా ఆయన చెయ్యి స్విచ్ మీద పడదు. వినేవాడికి ఇదంతా చాదస్తంలా తోస్తుంది. పనిచేసే వాడికి అది కవచం.

ఈ పద్ధతిని మూడంచెల సంభాషణ అంటారు. చెప్పడం, తిరిగి చెప్పడం, సరేనని నిర్ధారించడం. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కెనడాలోని ఒంటారియోలోనూ దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో పెద్ద లైన్లు చెట్లకు తగిలి ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. అక్కడి కంట్రోల్ రూములో హెచ్చరిక చేయవలసిన కంప్యూటరు ప్రోగ్రాము మూగబోయింది. ఆపరేటర్లకు తమ లైన్ల స్థితి తమకే సకాలంలో అందలేదు. రెండు దేశాలూ కలిసి జరిపిన విచారణలో చేసిన సిఫార్సులలో అత్యవసర వేళల మాటల పద్ధతిని కట్టుదిట్టం చేయాలన్నది ఒకటి. పెద్ద లైన్లను నడిపే ఆపరేటర్లు ఆజ్ఞను తిరిగి అప్పజెప్పడం 2016 జులై 1 నుంచి అమలైన ప్రమాణం ప్రకారం అక్కడ తప్పనిసరి అయింది.

మన భాషలో దాని పేరు 'ఎల్‌సీ'

మన జిల్లాల్లో స్తంభమెక్కే ప్రతివాడికీ తెలిసిన మాట ఎల్‌సీ. లైన్ క్లియర్ అన్న ఇంగ్లీషు మాటకు పొట్టి రూపం. పత్రికల్లో వచ్చే విద్యుత్ ప్రమాద వార్తల్లో ఈ రెండక్షరాలు పదేపదే కనిపిస్తాయి.

లైను మీద పని ఉన్నదంటే ముందుగా సబ్‌స్టేషన్‌లోని షిఫ్ట్ ఆపరేటర్‌ను ఎల్‌సీ అడగాలి. ఆపరేటర్ ఆ ఫీడరు బ్రేకరు తెరిచి, లైను విడదీసి, ఎవరికి, ఏ ఫీడరు మీద, ఎన్ని గంటలకు ఇచ్చినదీ రిజిస్టరులో రాస్తారు. అటు లైన్‌మన్ దగ్గరలోని ఏబీ స్విచ్ తెరిచి, తీగలో కరెంటు లేదని చూసుకుని, ఎర్త్ రాడ్డు తగిలించి, ఆ తరువాతే చేతితో తీగ ముట్టాలి. పని పూర్తయి మనుషులంతా దిగాక, రాడ్లు తీశాక, ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. అది చేరాకే లైను ఛార్జి చేయాలి.

కాగితం మీద ఇది నాలుగు వాక్యాల పని. ప్రమాదం ఆ వాక్యాల సందుల్లో పొంచి ఉంటుంది. ఒకే సబ్‌స్టేషన్ నుంచి పేర్లు దగ్గరగా ఉన్న రెండు ఫీడర్లు బయలుదేరుతాయి. 'టౌన్ ఒకటి' అని అడిగితే 'టౌన్ రెండు' అని వినబడవచ్చు. రెండు ఫీడర్లు ఒకే స్తంభం మీద వెళ్లేచోట ఒకదానికే ఎల్‌సీ ఉండవచ్చు. కరెంటు లేదని కల్యాణమండపం వారు జనరేటర్ వేస్తే, చేంజోవర్ స్విచ్ లేకపోతే, ఆ కరెంటు సర్వీసు వైరు వెంట వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారి, ఆగి ఉన్న తీగలోకి వస్తుంది.

అన్నిటి కంటే ఘోరమైనది మరొకటి. తుపాను తరువాత ఒకే ఫీడరు మీద రెండు మూడు ముఠాలు వేర్వేరు ఊళ్ల దగ్గర పని చేస్తుంటాయి. ఒక ముఠా పని ముగించి ఎల్‌సీ తిరిగి ఇస్తుంది. అందరూ దిగిపోయారనుకుని లైను ఛార్జి చేస్తే, రెండో ముఠా మనిషి ఇంకా స్తంభం మీదే ఉంటాడు. ఒక్కొక్క ముఠాకు విడిగా ఎల్‌సీ ఇవ్వాలనీ, అన్నీ తిరిగి వచ్చేదాకా లైను ముట్టరాదనీ నియమం పెట్టినది ఇందుకే.

వైర్‌లెస్ పోయి సెల్‌ఫోన్ వచ్చె

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు కాలంలో పెద్ద సబ్‌స్టేషన్ల మధ్య మాటలు విద్యుత్ తీగల మీదే నడిచేవి. కరెంటు పారే ఆ హైటెన్షన్ తీగ మీదే మరొక సన్నని తరంగాన్ని ఎక్కించి టెలిఫోన్‌లా వాడుకునేవారు. కారియర్ ఫోన్ అంటే పాత ఉద్యోగులకు ఇప్పటికీ గుర్తే. వాటికి తోడు వైర్‌లెస్ సెట్లు ఉండేవి. 1999లో బోర్డు విడిపోయింది. తరువాత పంపిణీ కంపెనీలు వచ్చాయి. పెద్ద టవర్ల కొసన వేసే పిడుగుతీగలోనే ఫైబరు దారం వచ్చింది. స్తంభం దగ్గరి మనిషి చేతిలోకి మాత్రం సెల్‌ఫోన్ వచ్చింది.

సెల్‌ఫోన్‌తో సౌకర్యం పెరిగిన మాట నిజం. దానితోపాటు పోయినది కూడా ఒకటి ఉన్నది. ఫోన్‌లో మాట ఇద్దరి మధ్యే ఉంటుంది. వైర్‌లెస్‌లో ఒకరు మాట్లాడితే ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న అందరి చెవినా పడుతుంది. ఒక ముఠా "ఎల్‌సీ తిరిగి ఇస్తున్నాం" అనగానే, మరొక ఊరి దగ్గర ఉన్న ముఠా "ఆగండి, మేమింకా లైను మీదే ఉన్నాం" అని కేక వేయగలదు. ఫీడరు పేరు తప్పు పలికితే మూడోవాడు సరిదిద్దగలడు. ఎల్‌సీ రిజిస్టరుకూ, ఎర్త్ రాడ్డుకూ వైర్‌లెస్ ఎంతమాత్రం ప్రత్యామ్నాయం కాదు. అయినా నలుగురు వినే మాటలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి నలుగురు ఉంటారు. ఇద్దరి మధ్య జరిగిన తప్పు ఇద్దరి మధ్యే ఉండిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కరెంటుతోపాటు సెల్ టవర్లూ మూగబోయాయి. స్తంభాలు నిలబెట్టడానికి ఇతర జిల్లాల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ సిబ్బంది తరలివచ్చారు. ఊరు కొత్త, ఫీడరు పేర్లు కొత్త, ఫోన్లు పనిచేయవు. మాట ఎంత విలువైనదో అటువంటి వేళ తెలుస్తుంది. అప్పుడు హామ్ రేడియో అభిరుచి గలవారు తమ సెట్లతో అధికారులకు సమాచారం అందించారు. హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇటువంటి సేవకు పేరు పొందినది. 2004 డిసెంబరు సునామీ నాడు ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నది. అభిరుచి కోసం తీసుకువెళ్లిన సెట్లే దీవులకు, బయటి ప్రపంచానికి మధ్య కబురు నడిపాయి.

చట్టం ఏమంటున్నది?

ఒక దేశంలో కాలక్షేపం మరొక దేశంలో నేరం. అమెరికాలో 1934 నాటి చట్టం ప్రకారం గాలిలో విన్న మాటను బయట పెట్టడం, దానితో లాభం పొందడం కూడదు. సంకేతాలతో మూయని విద్యుత్ కంపెనీ బండ్ల వైర్‌లెస్ వంటివి వినడానికి అభ్యంతరం లేదని 1986 చట్టం చెప్పింది. సెల్‌ఫోన్ మాటలను మాత్రం వినరాదన్నది. సెల్‌ఫోన్ ఫ్రీక్వెన్సీలు పట్టే స్కానర్ల తయారీని 1992 చట్టం నిషేధించి, అది 1994లో అమలులోకి వచ్చింది. బండిలో స్కానర్ పెట్టుకోవడంపై కొన్ని రాష్ట్రాల్లో వేరే ఆంక్షలు ఉన్నాయి. బ్రిటన్‌లో స్కానర్ కొనుక్కోవచ్చును గాని, తనకు ఉద్దేశించని మాటలు వినడం 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం నేరం.

మన దేశంలో దారి ఇంకా ఇరుకు. వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలని 1933 చట్టం శాసించింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో సందేశాలను అక్రమంగా పట్టుకోవడం నేరమన్న నిబంధన 2024 జూన్ 26 నుంచి అమలులో ఉన్నది. మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కనుక అమెరికా ముచ్చట్లు చదివి స్కానర్ తెప్పించుకుందామని కుర్రవాళ్లు ఉబలాటపడితే చిక్కే. రేడియో మీద నిజంగా మోజున్నవారికి పరీక్ష రాసి హామ్ లైసెన్సు పొందే రాచబాట ఉండనే ఉన్నది. ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీ సైతం ఆ లైసెన్సు గలవారే.

మూసుకుపోతున్న తలుపులు

అమెరికాలోనూ శ్రోతలకు పాతరోజులు తగ్గిపోతున్నాయి. ఒక్కొక్క మాటకూ కంప్యూటరు ఖాళీగా ఉన్న ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ కేటాయించే ట్రంకింగ్ పద్ధతి వచ్చాక, ప్రశ్న ఒకచోట, జవాబు మరొకచోట వినిపించి శ్రోతలు తికమకపడ్డారు. 1997లో ఆ పరుగును వెంటాడే స్కానర్లు వచ్చాయి. తరువాత గొంతును అంకెలుగా మార్చే డిజిటల్ సెట్లు వచ్చాయి. వాటినీ పట్టే స్కానర్లు పుట్టాయి. చివరగా సంకేతాలతో మాటకు తాళం వేసే పద్ధతి వచ్చింది. ఆ తాళానికి శ్రోతల దగ్గర చెవి లేదు.

కంపెనీల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. వినియోగదారుల చిరునామాలు గాలిలో పలుకుతాయి. ఏ లైను చచ్చి ఉన్నదో తెలిస్తే రాగితీగ దొంగలకు అది శుభవార్త. శత్రువుల చేతిలో పడితే మరింత కీడు. ఏ ప్రాంతంలో కరెంటు పోయినదీ, ఎప్పటికి రావచ్చుననేదీ కంపెనీలే పటాలు వేసి చూపుతున్నాయి గనుక స్కానర్ అవసరం తగ్గిందని కూడా అంటున్నాయి. నిజమే గాని, పటం మీద కనిపించేది సమయం మాత్రమే. ఆ సమయం వెనుక వానలో తడుస్తున్న మనిషి గొంతు అందులో వినిపించదు.

వినవలసినవారు వినాలి

బయటివారు వినాలా, వద్దా అన్నది చట్టం తేల్చవలసిన సంగతి. ఒకే ఫీడరు మీద పనిచేసే తోటివారు ఒకరి మాట ఒకరు వినాలా, వద్దా అన్నదానిలో మాత్రం తర్కానికి తావు లేదు. గ్రామ సచివాలయాలతోపాటు 2019 నుంచి చేరిన జూనియర్ లైన్‌మన్లు, కాంట్రాక్టు కార్మికులు ఇప్పుడు మన పల్లెల్లో స్తంభాలెక్కుతున్నారు. ఫోన్‌లో ఎల్‌సీ అడిగినా, ఫీడరు పేరు, స్తంభం ఉన్న చోటు, సమయం తిరిగి అప్పజెప్పించుకోవడానికి అర నిమిషం చాలు. ఆ ఫీడరు మీద ఉన్న ముఠాలన్నిటికీ ఆ మాట చేరవేయడానికి మరొక నిమిషం. దీనికి కొత్త యంత్రాలు, పెద్ద బడ్జెట్లు అక్కరలేదు. ఉన్న సెల్‌ఫోన్‌లోనే అందరినీ ఒకేసారి కలిపి మాట్లాడే వీలు ఉన్నది.

జనం చేయవలసినదీ కొంత ఉన్నది. ఆపరేటర్‌కు ఫోన్ చేసి "లైను వదలండి" అని ఒత్తిడి చేయరాదు. ఆ లైను మీద ఎవరున్నారో ఫోన్ చేసినవారికి తెలియదు. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వేయరాదు. తెగిపడిన తీగ చచ్చి ఉన్నట్లు కనిపించినా దగ్గరకు పోక 1912కు చెప్పాలి. కరెంటు ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకు జవాబు అరగంట ఆలస్యమైతే మహా అయితే ఉక్కపోత. ఎల్‌సీ మాట అర నిమిషం ముందు తప్పుగా చేరితే స్తంభం మీది మనిషి ఇంటికి చేరడు.